కాళహస్తి చూసినాక ఇంకో గుడికి పోకూడదా?

అనంత_యాత్ర:
మేము అనంతపురం నుంచి కార్లో వస్తున్నాం, అమ్మకి డెబ్బై దాటినాయి. మొదటి రోజు కాణిపాకం, రాత్రికి తిరుపతి. రెండో రోజు కొండ, దిగినాక తిరుచానూరు. మూడో రోజు పొద్దున్నే కాళహస్తిలో రాహుకేతు పూజ చేసుకుని వెనక్కి వస్తా గుడిమల్లం శివుడి గుడి చూద్దామనుకుంటే మా పిన్నమ్మ ఫోన్ చేసి కాళహస్తి తర్వాత ఏ గుడి గడపా తొక్కకూడదు, నేరుగా ఇంటికే అంటోంది. నిజమేనా?

సెవెన్‌సీటర్_సామి:
నిజమే. ఇరవై ఏళ్ళుగా తిరుపతిలో బండి తోల్తా ఉండా, నా ట్రిప్పులో కాళహస్తి ఎప్పుడూ లాస్టే. అక్కడ దోషం వదిలేసి వస్తాం, దాన్ని మళ్ళీ ఇంకో సామి కాడికి మోసకపోతే ఎట్లా? కొందరైతే దావలో చుట్టాలింట్లో మంచినీళ్ళు గూడా ముట్టరు. గ్రహణం రోజు ఊళ్ళో గుళ్ళన్నీ మూసినా అది మూయరు, మిగతా గుళ్ళతో దానికి పోలికేంది? పెద్దోళ్ళు ఊరికే పెట్టలేదు.

చిత్తూరు_ఆడబిడ్డ:
వదిలేసి వస్తాం అంటావు, మోసకపోతాం అంటావు. వదిలేసినాక ఇంకా మోసేదానికి ఏముంటాదన్నా? స్థలపురాణంలో సాలీడు, పాము, ఏనుగు కథ ఉంది, కన్నప్ప కన్ను పెరికి పెట్టింది ఉంది. నేరుగా ఇంటికి పొమ్మని యాడుంది? అర్జునుడు తీర్థయాత్రలో కాళహస్తికి వచ్చినాడంటారే, ఆయన అక్కణ్ణించి సక్కగా ఇంటికి పోయినాడా?

సెవెన్‌సీటర్_సామి:
అర్జునుడు నా బండి ఎక్కలేదక్కా.

పీలేరు_బుల్లెట్:
కొండ మీద ముందు వరాహస్వామి, తర్వాతే శ్రీవారు. అది మాత్రం మర్చిపోకండి.

ముక్కంటి_వీధి:
మాది కాళహస్తే. మేమేం చేయాల మరి? పొద్దున సామిని చూసి సాయంత్రం మా వీధి చివర రాములవారి గుడికి పోతా, నాకేం కాలేదు. అమ్మగారికి ఒక మాట, పాతాళ వినాయకుడి దగ్గర మెట్లు ఇరుకు, బాగా లోతుకి దిగాల, పైనుంచే దండం పెట్టుకోమనండి. లోపల గర్భగుడిలో గాలి దూరే సందు లేకపోయినా ఒక దీపం రెపరెపలాడతా ఉంటాది, క్యూలో తోసేస్తా ఉన్నా సరే అది చూడండి. వాయులింగం అనేది దానికే. అయ్యవార్లు గూడా సామిని చేత్తో తాకరు. ఇంగ సామన్నా, దర్శనం అయినాక జనం కన్నప్ప కొండ ఎక్కుతారు కదా, అది గుడి కాదా?

సెవెన్‌సీటర్_సామి:
కన్నప్ప కొండ లెక్కలోకి రాదు.

చిత్తూరు_ఆడబిడ్డ:
ఎందుకు రాదు? వేరే గుడి, వేరే గడప.

సెవెన్‌సీటర్_సామి:
ఒకే క్షేత్రం. రాదంటే రాదు.

పీలేరు_బుల్లెట్:
ఇట్లా ఆచారాలు వదిలేసినందుకే గాలిగోపురం కూలింది.

ముక్కంటి_వీధి:
తమ్ముడూ, అది 1516లో రాయలవారు కట్టించింది. బీట పెద్దదవతా ఉందని మేమంతా చూస్తానే ఉన్నాం, 2010 మే 26న కూలింది. ఎవురో గుడిమల్లం పోయినందుకు కాదు. 2017లో కొత్తదానికి కుంభాభిషేకం గూడా అయిపోయింది.

చిత్తూరు_ఆడబిడ్డ:
కన్నప్ప కొండ సంగతి చెప్పలేదు సామన్న.

సెవెన్‌సీటర్_సామి:
చెప్పినా కదా. అక్కా, నీకు అన్నీ ఎకసెక్కంగానే ఉండాయి. ఇంట్లో జరగరానిది ఒకటి జరిగితే అప్పుడు తెలుస్తాది.

చిత్తూరు_ఆడబిడ్డ:
జరిగింది కాబట్టే మాట్లాడతా ఉండా. పెళ్ళయిన రెండో ఏడు, కాళహస్తి నుంచి వస్తా ఏర్పేడు దాటినాక గుడిమల్లం తిప్పమనింది నేనే. కాలేజీలో ఫోటో చూసినప్పటినుంచీ ఆ లింగం చూడాలని. ఐదడుగుల లింగం, దాని ముందరి పక్క మనిషి నిలబడి ఉంటాడు, ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న చెంబు, భుజాన గొడ్డలి, కాళ్ళ కింద మరుగుజ్జు. క్రీస్తు పుట్టకముందుదంటారు. నేను అట్లా నిలబడి చూస్తా ఉంటే మా మామే 'ఎంత నునుపుగా ఉందో చూడమ్మా' అన్నాడు, హారతి గూడా తీసుకున్నాడు. తర్వాత రెండు వారాలకి ఆయనకి గుండెపోటు. బీపీ మాత్రలు నెలనుంచీ మింగడంలేదని ఆస్పత్రిలో బయటపడింది. ఐనా కర్మాంతరం రోజే మా అత్త చుట్టాలందరి ముందర 'దీని గుడి సరదా తీరింది' అనింది. తొమ్మిదేళ్ళయింది, ప్రతి తద్దినానికీ ఎవురో ఒకరు ఎత్తుతారు, నేను గారెలు కాలుస్తా వింటా ఉంటా. పెద్దోళ్ళు ఊరికే పెట్టలేదు అంటివే, మా ఇంట్లో అది నా నెత్తిన పెట్టినారు.

పీలేరు_బుల్లెట్:
అక్కా, గోపురం మాట వెనక్కి తీసుకుంటా ఉండా.

సెవెన్‌సీటర్_సామి:
ఇప్పుడే డ్యూటీ దిగి చూసినా. తప్పుగా అన్నానక్కా. నాది గూడా విను. కరోనాకి ముందు ఒక నెల్లూరు ఫ్యామిలీ, కాళహస్తి అయినాక తిరుచానూరు పోనీ అన్నారు, పోనిచ్చినా, నేనేం చెప్పలేదు. అమ్మవారి దర్శనం చేసుకుని బయటికొచ్చినాక ఎవురో ఫోన్లో వాళ్ళ పెద్దాయనకి ఈ మాట చెప్పినారు. తిరిగే డ్రైవరువి, ముందే ఎందుకు చెప్పలేదని చెప్పుల స్టాండు కాడ అందరి ముందర నా కాలర్ పట్టుకున్నాడు, బాడుగ సగమే ఇచ్చినారు. అప్పట్నుంచి బండెక్కినోళ్ళందరికీ నేనే ముందు చెప్తా. నమ్మి చెప్తానా అంటే ఏమో, అది నాకే తెలీదు.

చిత్తూరు_ఆడబిడ్డ:
చెప్పు అన్నా, వద్దనలే. పోతే ఏమన్నా అయితాది అని మాత్రం చెప్పొద్దు. అది ఇంటికొచ్చి ఎవురి మీద పడతాదో నీకు తెలీదు.

సెవెన్‌సీటర్_సామి:
సరే. కన్నప్ప కొండ మాత్రం లెక్కలోకి రాదు.

అనంత_యాత్ర:
అందరికీ థాంక్స్. గుడిమల్లం, కాళహస్తికి పోయేటప్పుడే చూసుకుంటాం. ఇదంతా చదివి వినిపిస్తే పిన్నమ్మ గూడా వస్తానంటోంది, కార్లో చోటు చాలదు. సామన్నా, మూడో రోజుకి నీ బండి బాడుగ ఎంత?