ముడుమాల్ నిలువురాళ్ళ మధ్యకు జనాన్ని నడవనివ్వాలా, వద్దా?

కృష్ణాతీరం:
నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో వేల ఏళ్ళ కిందటి మనుషులు పాతిన నిలువురాళ్ళు 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. అప్పటి నుంచి రీల్స్ చేసేవాళ్ళ తాకిడి పెరిగింది. రేపు శాశ్వత గుర్తింపు వస్తే బస్సుల్లో దిగుతారు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను: సందర్శకులను రాళ్ళ మధ్యకు వెళ్ళనివ్వాలా, కంచె బయటే ఆపాలా?

నేను ఆపాలనే అంటాను. అందరి కళ్ళూ 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న పెద్ద రాళ్ళ మీదే ఉంటాయి. అవి 80 దాకా ఉన్నాయి, మనం ఆనుకుంటే పడిపోయేవి కావు. అసలు భయం చిన్నవాటి గురించి. పెద్ద రాళ్ళ మధ్య దాదాపు 3000 చిన్న రాళ్ళు వరుసలు తీరి ఉన్నాయి. ఫోటోకు అడ్డమొచ్చిందని ఒకడు ఒక రాయిని పక్కకు తోస్తే ఆ వరుస పోయినట్టే. తోసినవాడికి తను ఏం చెడగొట్టాడో కూడా తెలియదు.

పాలమూరు బిడ్డ:
అన్నా, మీ భయం నిజమే గానీ మందు తప్పు. ఆ వరుసల అర్థం లోపల నిలబడితేనే తెలుస్తుంది. అక్కడ ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు గారు చెప్పింది ఇదే కదా: పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, ఆయనాలు మారే రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు కొన్ని వరుసలు సూటిగా ఉన్నాయని. రెండు రాళ్ళ నడుమ నిలబడి సూర్యుణ్ణి చూస్తే నాటి మనుషులు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా గమనించారో ఒంటికి తెలుస్తుంది. కంచె అవతలి నుంచి చూస్తే బీడులో పాతిన బండలే కనిపిస్తాయి. అలా చూసి వెళ్ళినవాడికి వాటి మీద ప్రేమ ఎలా పుడుతుంది? ప్రేమ లేకపోతే రేపు వాటి కోసం ఎవరు మాట్లాడతారు?

టేమ్స్ ఒడ్డున:
నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడి పురాతన నిలువురాళ్ళ వలయం స్టోన్‌హెంజ్ సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ గొడవ అక్కడ ఎప్పుడో జరిగింది. 19వ శతాబ్దంలో జనం సుత్తులు తెచ్చుకుని గుర్తుగా ముక్కలు కొట్టుకుపోయేవారు. తర్వాత జనం తొక్కిడికి గడ్డి చచ్చి నేల బయటపడింది. చివరికి 1970ల ఆఖర్లో రాళ్ళ మధ్య తిరగడం ఆపేశారు. ఇప్పుడు టికెట్ కొన్నవాళ్ళు తాడు అవతల ఉన్న బాట మీద నడిచి చూస్తారు. కానీ తలుపులు పూర్తిగా మూయలేదు. ముందే బుక్ చేసుకున్న చిన్న గుంపులను పొద్దున్నే, సాయంత్రం వేళల్లో లోపలికి పంపుతారు, రాళ్ళను తాకకూడదన్న షరతు మీద. 2000 నుంచి ఆయనాలు మారే రోజుల్లో అందరినీ ఉచితంగా లోపలికి రానిస్తున్నారు.

ఫ్రాన్స్‌లోని కార్నాక్ మనకు ఇంకా దగ్గర, అక్కడా వేల రాళ్ళు వరుసల్లోనే ఉన్నాయి. జనం తిరిగి తిరిగి మట్టి కొట్టుకుపోతోందని 1990ల మొదట్లో కంచెలు వేశారు. ఇప్పుడు రద్దీ నెలల్లో గైడ్ వెంటే లోపలికి పంపుతారు, చలికాలంలో ఎవరైనా స్వేచ్ఛగా తిరగొచ్చు. 2025 జులైలో దానికి ప్రపంచ వారసత్వ హోదా కూడా వచ్చింది. అంటే ఏడాదంతా ఒకటే నియమం ఉండాల్సిన పని లేదు. నేల మెత్తబడే వానాకాలంలో ముడుమాల్‌లో కాస్త గట్టిగా ఉండి, మిగతా రోజుల్లో వదలొచ్చు.

మక్తల్ మాస్టారు:
ఇక్కడ ఎవరూ ఊరి మాట ఎత్తడం లేదు. ఆ రాళ్ళలో ఒకదాన్ని ఊరివాళ్ళు ఎల్లమ్మగా కొలుస్తారు. కంచె వేస్తే ఆ తల్లికి కొబ్బరికాయ కొట్టడానికి ఎవరి పర్మిషన్ తెచ్చుకోవాలి? ఇన్నేళ్ళు ఆ రాళ్ళు నిలిచాయంటే అందులో ఆ భక్తికీ వాటా ఉంది. ఒకప్పుడు ఈ రాళ్ళు ఇంకా ఎక్కువ మేర ఉండేవి, సేద్యం కోసం చాలా పోయాయి. దేవత అనుకున్న రాయి మీదికి మాత్రం నాగలి పోలేదు.

రైతుల టెన్షన్ కూడా వినాలి. కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు కుదరవు, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ అలాగే ఉంది. పక్క పొలంలో కొట్టం వేసుకోవాలనుకునే రైతుకు ఆ నియమం ముందుగా అర్థమయ్యేలా చెప్పకపోతే వారసత్వం అన్న మాటే శత్రువవుతుంది.

రాకాసిగుళ్ళు:
కంచె వేయమనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ ఇద్దరూ సందర్శకుడినే ప్రమాదం అనుకుంటున్నారు. నా అనుభవం వేరు. మన తెలుగు నేల మీద పాత రాతి సమాధులకు ఎక్కువ నష్టం చేసింది గుప్తనిధుల పిచ్చివాళ్ళు, క్వారీలు, చదును చేసే పొక్లెయిన్లు. ములుగు జిల్లా దామరవాయిలో పెద్ద పెద్ద బండలు పైకప్పుగా పెట్టిన రాతి సమాధులు అడవిలో ఉన్నాయి. అలాంటి చోట్లకు మనుషుల రాకపోకలు లేకపోతే రాత్రి గడ్డపారలతో ఎవరొచ్చినా అడిగే దిక్కుండదు. వెయ్యిమంది కాళ్ళు పదేళ్ళలో చేసే నష్టం పొక్లెయిన్ అరగంటలో చేస్తుంది. రోజూ నలుగురు వచ్చి చూసే చోటే క్షేమం.

కృష్ణాతీరం:
గడ్డపార రాత్రి వస్తుంది, రీల్స్ పగలు వస్తాయి. రెండింటికీ కాపలా కావాలి. హంపిలో 2019లో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. కుర్రాళ్ళు ఒక రాతి స్తంభాన్ని తోసి పడేశారు, వీడియో బయటికొచ్చింది. కోర్టు ఒక్కొక్కరికీ 70,000 రూపాయల జరిమానా వేసి, ఆ స్తంభాన్ని వాళ్ళ చేతే తిరిగి నిలబెట్టించింది. అక్కడ అది సాధ్యమైంది, స్తంభం ఎక్కడ ఉండాలో అందరికీ తెలుసు కాబట్టి. ముడుమాల్‌లో మోకాలెత్తు రాయి ఒకటి నాలుగడుగులు జరిగితే దాన్ని ఎక్కడ పెట్టమంటారు? ప్రతి చిన్న రాయి స్థానాన్నీ జీపీఎస్‌తో నమోదు చేసి మ్యాపు అందరికీ అందుబాటులో పెట్టండి. ఆ పని పూర్తయ్యే దాకా లోపలికి వద్దంటాను.

పాలమూరు బిడ్డ:
ఈ మాట ఒప్పుకుంటాను. నమోదు ముందు. కానీ ఆ వంకతో పదేళ్ళు తాళం వేయొద్దు. నమోదు అయిన భాగం అయినట్టే తెరుచుకుంటూ పోవాలి.

రంగవల్లి:
పెద్దలు అందరూ కంచె గురించే మాట్లాడుతున్నారు. గుంటల రాయి సంగతి? సప్తర్షి మండలంలా గుంటలు చెక్కిన ఆ రాయి భూమికి దగ్గరగా ఉంది. ఫోటోలో బాగా కనిపించాలని ఇలాంటి గుంటల్లో చాక్‌పీసు పొడి నింపే అలవాటు చాలా చోట్ల ఉంది. నీళ్ళు పోసి కడుగుతారు కూడా. దయచేసి అలా చేయకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో గుంటలు వాటంతట అవే స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఒక్క రాయికైనా చుట్టూ తాడు కట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

మక్తల్ మాస్టారు:
తాడు కడితే కట్టండమ్మా, పట్టుకునేవాడు ఎవరన్నది చెప్పండి. నా సూచన ఒక్కటే. ఊరి యువకులకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టండి, టికెట్ డబ్బులో వాళ్ళ జీతం తీయండి. వాళ్ళ వెంట పదిహేను, ఇరవై మంది చొప్పున నడవనివ్వండి. బండ్లు ఊరి దగ్గరే ఆగాలి. ఎల్లమ్మ దగ్గరికి ఊరివాళ్ళకు టికెట్ ఉండకూడదు. రాళ్ళ వరుసలు ఎటు చూస్తున్నాయో మా ఊళ్ళ పిల్లలే రాయచూరు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు చెప్పాలి. ఇది కృష్ణాతీరం గారి కంచె కంటే ఖర్చైన పని, ఒప్పుకుంటాను. కానీ కంచెను ఎవడైనా దూకుతాడు. పక్కన నిలబడి "బాబూ, ఆ రాయి కదపకు" అనే మనిషిని దాటి పోవడం కష్టం.