షెడ్యూల్ చేసిన పోస్టు వేళకు వెళ్లకపోతే క్యాలెండర్ తనంతట తాను మళ్లీ పంపవచ్చా?

తొమ్మిదింటి పోస్టు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఒక స్వచ్ఛంద సంస్థ సామాజిక మాధ్యమాల పేజీలను మేం ముగ్గురం కలిసి చూసుకుంటున్నాం. నెలకు సరిపడా పోస్టులను ముందుగానే ఒక షెడ్యూలింగ్ క్యాలెండర్‌లో పెట్టుకోవడం మా అలవాటు. గత వారం ఉదయం 9:00 గంటలకు, శిక్షణ తరగతులకు పేర్ల నమోదు మొదలైందని చెప్పే చిన్న వీడియో ఒకటి వెళ్లవలసి ఉంది. 9:05కి చూస్తే పేజీలో ఏమీ లేదు. క్యాలెండర్‌లో ఆ గడి ఎర్రబడి, ‘విఫలమైంది, మళ్లీ ప్రయత్నిస్తాం’ అని చూపించింది. పావుగంట ఎదురుచూసి, 9:20కి అదే వీడియోను నేనే నేరుగా పేజీలో పెట్టి, క్యాలెండర్‌లోని గడిని తొలగించాను. 9:40కి రెండో వీడియో ప్రత్యక్షమైంది.

అప్పటికే మొదటిదాని కింద జనం ప్రశ్నలు అడిగారు, మేం జవాబులు ఇచ్చాం. రెండోదాని కింద అవే ప్రశ్నలు మళ్లీ మొదలయ్యాయి. ఏది తీసేసినా దాని కింద మాట్లాడినవారి మాటలు పోతాయి. రెండూ ఉంచితే చూసేవారికి మేం చెప్పిందే చెప్పే మనుషుల్లా కనిపిస్తాం.

ఈ క్యాలెండర్‌లో ‘విఫలమైతే మళ్లీ ప్రయత్నించు’ అని ఒక స్విచ్ ఉంది. దాన్ని వెంటనే ఆపేయాలని మా సమన్వయకర్త అంటున్నారు, ఆపితే రాత్రివేళ పోస్టులకు దిక్కెవరని నా సహోద్యోగి అంటున్నారు. ఇలాంటి పని చేసేవారు మీరు ఏ పక్షం?

ఎర్రపెన్ను

నేను సందేహం లేకుండా మీ సమన్వయకర్త పక్షం. పోస్టుకు వేళ అనేది పైన అంటించిన చీటీ కాదు, అది పోస్టులోని విషయంలో భాగం. ‘ఇంకో గంటలో ప్రత్యక్ష ప్రసారం’ అని రాసిన వాక్యం ఆ గంటకు ముందు సమాచారం, ఆ గంట దాటాక అబద్ధం. సరిగ్గా ఆ వాక్యమే, ప్రసారం ముగిసిన రెండు గంటల తర్వాత, మా పేజీలో వెలువడింది. పోస్టు చేసింది యంత్రం, క్షమాపణ రాసింది నేను.

ఇంకో సంగతి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలపాటు మొత్తంగా ఆగిపోయాయి. అలాంటి రోజున క్యూలో పేరుకున్న పోస్టులన్నీ సేవ తిరిగి రాగానే ఒకదాని వెనక ఒకటి దూకితే, ఉదయపు శుభాకాంక్షలు రాత్రి చేరతాయి, మధ్యాహ్నం గడువు ముగిసిన ప్రకటన అర్ధరాత్రి చేరుతుంది. ఏది ఇంకా పంపదగినదో, ఏది వదిలేయవలసినదో చెప్పగలిగేది దాన్ని రాసిన మనిషి మాత్రమే. కాబట్టి ఒకసారి పోలేదంటే ఆగాలి, మనిషికి కబురు పంపాలి, ఊరుకోవాలి.

వరసకాపరి

ఇలాంటి క్యూలను నడిపే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి, కాకపోతే ఇక్కడ చర్చకు వచ్చిన క్యాలెండర్ మాది కాదు. ఎర్రపెన్ను గారు చెప్పిన ఉదాహరణ నిజమే కాని, దాని నుంచి తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. ‘ఒకసారి పోలేదంటే ఆగాలి’ అనే నియమం పెట్టుకుంటే, అర నిమిషంలో దానంతట అది సర్దుకునే అడ్డంకికి కూడా మనిషిని నిద్ర లేపవలసి వస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ సంగతే చూడండి. బయటి సాధనం అక్కడికి పోస్టు పంపడం ఒక్క అడుగులో తేలే పని కాదు. ముందు వీడియో దొరికే చిరునామాను, వివరణను ఇచ్చి ఒక ‘కంటైనర్’ (ఇంకా ప్రచురించని పోస్టు ముందస్తు రూపం) తయారు చేయించాలి; అది సిద్ధమైందో లేదో మధ్యమధ్యలో అడుగుతూ ఉండాలి; సిద్ధమయ్యాకే ప్రచురించమని రెండో ఆదేశం ఇవ్వాలి. తొందరపడి ముందే ఆదేశం ఇస్తే ఇంకా సిద్ధం కాలేదని దోషం వస్తుంది. అది వైఫల్యం కాదు, కాసేపాగి రమ్మని చెప్పడం మాత్రమే. అలాగే అభ్యర్థనలు మితిమీరాయని చెప్పే 429 సంకేతం కూడా. అందరూ తమ పోస్టులను సరిగ్గా గంట కొట్టే వేళకే పెట్టుకుంటారు కాబట్టి ఆ నిమిషంలో సర్వర్ల మీద ఒత్తిడి ఎక్కువ. (మీ పోస్టును 9:00కి బదులు 8:53కి పెట్టుకోండి; ఇంతకంటే చవకైన మరమ్మతు నాకు తెలియదు.)

అయితే ఎన్నిసార్లు ప్రయత్నించినా బాగుపడని దోషాలు ఉన్నాయి, వాటి విషయంలో ఎర్రపెన్ను గారితో నాకు తగాదా లేదు. ఫేస్‌బుక్ ఇచ్చే 190 అనే దోషసంఖ్యకు అర్థం టోకెన్ (మన తరఫున పోస్టు చేయడానికి సాధనానికి ఇచ్చే అనుమతి తాళం) చెల్లదని. దీర్ఘకాలిక యూజర్ టోకెన్‌కు అక్కడ సుమారు 60 రోజుల ఆయుష్షు ఉంటుంది, లింక్డ్‌ఇన్ యాక్సెస్ టోకెన్‌కూ 60 రోజులే. ఖాతా కలిపినవారు పాస్‌వర్డ్ మార్చినా ఫేస్‌బుక్ టోకెన్ చెల్లకుండా పోవచ్చు. అప్పుడు వందసార్లు తలుపు తట్టినా లాభం లేదు, మనిషి వచ్చి మళ్లీ లాగిన్ కావలసిందే.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. ఎక్స్‌లో మామూలు ఖాతాకు 280 అక్షరాల పరిమితి అంటారు కాని, అది లెక్కించేది మనం పలికే అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. అక్కడ మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి ఆరు. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్క. మీ క్యాలెండర్ వేరే పద్ధతిలో లెక్కపెట్టి ‘సరిపోయింది’ అని పచ్చరంగు చూపించి ఉంటే, ఆ పోస్టు వేళకు తిరస్కారానికి గురవుతుంది, మళ్లీ పంపినా మళ్లీ తిరస్కారమే.

తొమ్మిదింటి పోస్టు గారూ, మీది ఈ రెండు రకాల్లోనూ చేరకపోవచ్చని నా అనుమానం. మీ క్యాలెండర్‌లో లాగ్ (ఏ పని ఎప్పుడు జరిగిందో రాసి ఉంచే చిట్టా) చూసే వీలుంటే, 9:00 దగ్గర ఏ దోషం నమోదైందో, ఆ తర్వాత ప్రయత్నం ఎన్ని గంటలకు జరిగిందో చెప్పగలరా?

ముల్లుగడియారం

లాగ్ వచ్చేలోపు ఒక మాట. ‘వేళకు వెళ్లలేదు’ అని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో పోస్టు విఫలం కాలేదు, క్యాలెండర్ దృష్టిలో అది సరైన వేళకే వెళ్లింది. అమెరికాలో వేసవి వేళ కోసం గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతాయి, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం జరుగుతాయి. మామూలుగా 5 గంటలుండే లండన్, న్యూయార్క్ తేడా ఆ మధ్య రెండు మూడు వారాలు 4 గంటలే ఉంటుంది. క్యాలెండర్ మీ ప్రాంతపు పేరును దాచకుండా, పెట్టిన రోజున ఉన్న తేడాను లెక్కగట్టి యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక) సమయాన్ని మాత్రమే దాచి ఉంటే, ఫిబ్రవరిలో పెట్టిన ఏప్రిల్ పోస్టులన్నీ గంట అటో ఇటో అవుతాయి. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం వేసవి వేళను వాయిదా వేస్తున్నట్టు కొద్ది రోజుల ముందు ప్రకటించి, విమర్శలు వచ్చాక వెనక్కి తీసుకుంది. ఆ వారం అక్కడ ఎవరి గడియారం ఎంత చూపిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఇలాంటి చోట మళ్లీ ప్రయత్నించే స్విచ్ ఉన్నా లేకున్నా ఒకటే.

ఎర్రపెన్ను

ముల్లుగడియారం గారూ, మీరు చెప్పినది నిజమే కాని అది వేరే చర్చ. తొమ్మిదింటి పోస్టు గారి గడి ఎర్రబడింది కదా.

వరసకాపరి గారికి నా ప్రశ్న ఒకటే. తాత్కాలిక దోషం, శాశ్వత దోషం అని మీరు చక్కగా విడదీశారు, ఆ విభజన మీ ప్రోగ్రాములో ఉంటుంది. మాకు కనిపించేది మాత్రం ఒకే ఎరుపు. ఆ ఎరుపును చూసి మేం చేత్తో పోస్టు చేస్తున్న సమయంలోనే వెనకనుంచి మీ యంత్రం కూడా అదే పనికి పూనుకుంటే ఇద్దరం ఒకరికొకరు అడ్డం పడినట్టే. మనిషి చేయి వేసిన చోట యంత్రం చేయి తీయాలని మీరు ఎందుకు నియమం పెట్టుకోరు?

వరసకాపరి

పెట్టుకుంటాం, పెట్టుకోవాలి కూడా. చిక్కు ఎక్కడంటే, మీరు వేదికలోకి నేరుగా వెళ్లి పెట్టిన పోస్టు క్యాలెండర్‌కు దానంతట తెలియదు, అది వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. మళ్లీ పంపేముందు పేజీలోని తాజా పోస్టులను ఒకసారి చదివి, అదే పాఠం కనిపిస్తే ఆగిపోవడం మర్యాద తెలిసిన సాధనం లక్షణం. ఎక్స్ లాంటి చోట అవే మాటలను వెంటనే మళ్లీ పంపితే వేదికే తిరస్కరిస్తుంది, కాని అన్ని వేదికలూ ఆ సాయం చేయవు.

అసలైన ప్రమాదం మూడో రకం జవాబుతో వస్తుంది. మేం పోస్టు పంపుతాం, 30 సెకన్లు ఎదురుచూస్తాం, అవతలి నుంచి అవుననీ రాదు, కాదనీ రాదు. పోస్టు చేరి ఉండవచ్చు, రసీదు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. దాన్ని ‘విఫలమైంది’ అని రాయడం తప్పు. ‘తెలియదు’ అని రాయాలి. తెలియనిదాన్ని మళ్లీ పంపకూడదు, ముందు విచారించాలి.

కొత్తసభ్యురాలు

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. ఎర్ర గడి కనిపించిన మొదటి ఐదు నిమిషాల్లో మాలాంటివాళ్లం చేయవలసిన పని ఏమిటో ఎవరైనా చెబుతారా?

వరసకాపరి

చేత్తో పెట్టేయకండి. ముందు క్యాలెండర్‌లో ఆ పోస్టును ‘నిలిపివేయి’ నొక్కండి. తర్వాత వేదిక సొంత నిర్వహణ పుటకు వెళ్లి, ప్రచురితమైన పోస్టుల జాబితానే కాక, ఇంకా తయారవుతున్న వీడియోల జాబితా ఉంటే దాన్ని కూడా చూడండి. రెండింటిలోనూ లేకపోతే అప్పుడు పెట్టండి.

తొమ్మిదింటి పోస్టు

లాగ్ దొరికింది, అది చూశాక నా ప్రశ్నే తలకిందులైంది.

9:00:02కి వీడియో పంపినట్టు, 9:00:32కి ‘గడువులోగా జవాబు రాలేదు’ అని నమోదైంది. దాని కింద వరుసలో మళ్లీ ప్రయత్నం 10:00 గంటలకు అని ఉంది, పక్కన ‘రద్దు, 9:21’ అని ఉంది. నేను గడిని తొలగించిన నిమిషం అది. అంటే మళ్లీ ప్రయత్నం అసలు జరగనే లేదు!

మరి 9:40కి వచ్చినది ఎక్కడిది? ఆ పోస్టు లింకులో ఉన్న పొడవాటి వీడియో సంఖ్యను కాగితం మీద రాసుకుని లాగ్‌లో వెతికితే, 9:00:02 నాటి వరుస చివర అదే సంఖ్య ఉంది. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా ఒక్కటీ తేడా లేదు. వీడియో తొమ్మిదింటికే అవతలికి చేరింది. అక్కడ దాన్ని తయారు చేయడానికి 40 నిమిషాలు పట్టింది, పూర్తయ్యాక వేదిక దాన్ని ప్రచురించింది. క్యాలెండర్ అర నిమిషం చూసి విఫలమైందని రాసేసింది. రెండో పోస్టు పెట్టినది యంత్రం కాదు, నేను.

మా సమన్వయకర్త చెప్పినట్టు స్విచ్ ఆపి ఉన్నా ఆ రోజు ఇదే జరిగేది.

ఎర్రపెన్ను

మీ లాగ్ నా మాటను తోసిపుచ్చిందని అనుకోను. స్విచ్ ఆన్‌లో ఉండి, మీరు గడిని తొలగించకుండా ఊరుకుని ఉంటే, 9:40కి అసలు పోస్టు, 10:00కి దాని నకలు వచ్చేవి. వరసకాపరి గారు చెప్పిన ‘తెలియదు’ అనే గుర్తు మీ క్యాలెండర్‌లో లేనంతకాలం, అది మళ్లీ పంపే ప్రతిదీ చీకట్లో రాయే.

వరసకాపరి

ఈ క్యాలెండర్ వరకు ఒప్పుకుంటున్నాను. వీడియో సంఖ్య చేతిలో ఉండి కూడా దాని స్థితి ఏమిటని అడగని సాధనానికి మళ్లీ పంపే అధికారం ఇవ్వకూడదు. అయితే దానికి మందు స్విచ్ ఆపడం కాదు, పోస్టుల వారీగా గడువు పెట్టడం. ‘ఈ వేళ దాటితే పంపవద్దు’ అని ఒక గడి ఉంటే, ఎర్రపెన్ను గారి ప్రత్యక్ష ప్రసారం ప్రకటనకు పది నిమిషాలు, ఎప్పుడు చదివినా చెల్లే వ్యాసానికి రోజంతా ఇవ్వవచ్చు. మీ సాధనంలో అది లేకపోతే వీడియోలకు ఒక పద్ధతి, మాటలూ చిత్రాలూ ఉన్న పోస్టులకు ఒక పద్ధతి పెట్టుకోండి. చిక్కంతా ఎక్కువగా వీడియోలతోనే.

తొమ్మిదింటి పోస్టు

గడువు గడి మా క్యాలెండర్‌లో లేదు, వెతికి చూశాను. వీడియోలను మాత్రం ఇకపై వేదిక సొంత షెడ్యూలర్‌లోకి ముందురోజే ఎక్కించి, అవి తయారయ్యాయని కళ్లారా చూశాకే వేళ నిర్ణయించాలని ముగ్గురం అనుకున్నాం. మిగతా పోస్టులను 8:53కి జరిపాను. స్విచ్ సంగతి మా సమావేశంలో ఇంకా తేలలేదు: లాగ్ చూపించినా సమన్వయకర్త ఎర్రపెన్ను గారి మాటే అంటున్నారు, సహోద్యోగి వరసకాపరి గారి మాటే అంటున్నారు. ప్రస్తుతానికి అది ఆన్‌లోనే ఉంది, రాత్రి పోస్టులు ఉన్న రోజుల్లో లాగ్ చూసే వంతు నాది.