ఎముకల కోసం ఎల్‌ఆర్‌పీ5 జన్యు పరీక్ష చేయించుకోవాలా?

శ్రావణి
మా అమ్మకు 61 ఏళ్లకే తుంటి ఎముక విరిగింది. బాత్‌రూమ్‌లో జారింది, అంతే. అమ్మమ్మకు కూడా చివర్లో నడుం బాగా వంగిపోయింది. ఇది మా వంశంలోనే ఉందని ఇంట్లో అందరూ అంటున్నారు. ఎల్‌ఆర్‌పీ5 అనే జన్యువులో తేడా ఉంటే ఎముకలు బలహీనపడతాయని చదివాను. దానికి పరీక్ష ఉందట. నాకు 36. చేయించుకోమంటారా?

రాఘవ
తప్పకుండా చేయించుకోండి. ఎముకను కట్టే కణాల పైపొరలో ఉండే ఒక రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు ఇది. బయటి నుంచి వింట్ ప్రోటీన్లు తెచ్చే సంకేతాన్ని ఆ రిసెప్టర్ అందుకుని లోపలికి పంపితే కొత్త ఎముక ఏర్పడుతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ పనిచేయకపోతే పిల్లలకు చిన్నప్పుడే ఎముకలు విరుగుతాయని, చూపు కూడా పోతుందని 2001లో తేలింది. 2002లో అమెరికాలో రెండు కుటుంబాల్లో దీనికి పూర్తిగా ఎదురుది కనిపించింది. ఆ రిసెప్టర్ ప్రోటీన్‌లో 171వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ అనేది వచ్చింది, అంతే తేడా. వాళ్ల ఎముకలు మామూలువాళ్ల కన్నా ఎంతో దట్టం. ఒక్క మార్పుకే ఇంత జరుగుతుంటే మనలో ఏముందో చూసుకోవద్దా?

మూర్తి
రాఘవ గారూ, మీరు చెప్పినవన్నీ అరుదైన కుటుంబాల సంగతులు. శ్రావణి గారు అడిగింది మామూలు మనుషుల గురించి. సాధారణంగా కనిపించే చిన్న తేడాలను 2008లో 37,534 మందిలో పరిశీలించారు. 667వ స్థానంలో వాలీన్ బదులు మెథియోనిన్ ఉన్నవాళ్లకు నడుము దగ్గర ఎముక సాంద్రత కొద్దిగానే తగ్గింది. ఎముక సాంద్రతను ప్రభావితం చేసే చోట్లు జన్యువుల్లో వందల కొద్దీ బయటపడ్డాయి. అందులో ఒకదాన్ని పట్టుకుని ఏం చేస్తాం? డెక్సా స్కాన్ తీస్తే ఎముక ఎలా ఉందో నేరుగా తెలుస్తుంది కదా.

రాఘవ
అదే అధ్యయనంలో ఆ మెథియోనిన్ రకం వల్ల వెన్నుపూస విరిగే అవకాశం సుమారు 26 శాతం ఎక్కువని ఉంది. అది మాత్రం ఎందుకు వదిలేశారు?

మూర్తి
వదిలేయలేదు. అసలు ముప్పే తక్కువున్న వయసులో దానికి 26 శాతం కలిపినా తక్కువే అవుతుంది. 36 ఏళ్ల అమ్మాయికి ఆ అంకె భయం తప్ప ఇంకేమీ ఇవ్వదు.

కిరణ్
ఈ జన్యువు పేగులో తయారయ్యే సెరటోనిన్ అనే రసాయనం ద్వారా ఎముక మీద పనిచేస్తుందని చదివాను. చాలా డిప్రెషన్ మందులు పనిచేసేదీ సెరటోనిన్ మీదే కదా, అయితే అవి ఎముకలకు చెడ్డవా?

మూర్తి
కిరణ్, ఆ మాట ఇంకా ఎంతమందిని తిప్పలు పెడుతుందో! ఎలుకల పేగులో ఈ జన్యువును తీసేస్తే ఎముక తగ్గిందని 2008లో ఒక బృందం చెప్పింది. 2011లో మరో బృందం ఎముకను దట్టం చేసే మార్పును ఎలుకల ఎముక కణాల్లో మాత్రమే పెట్టి చూస్తే ఎముక పెరిగింది, పేగులో పెడితే ఏమీ కాలేదు. అంటే ఆ రిసెప్టర్ పని ఎముకలోనే. డిప్రెషన్ మందుల ప్రశ్న వేరు. కొన్ని పరిశీలనల్లో సంబంధం కనిపించింది, దాని గురించి డాక్టర్‌ని అడగండి. చర్చ చదివి మందు మానేయకండి.

కిరణ్
మొదటి బృందం కూడా పేరున్నవాళ్లే కదండీ. రెండోది నిజం, మొదటిది కాదని మీరెలా తేలుస్తారు?

మూర్తి
పేరు చూసి కాదు, ప్రయోగం చూసి. రక్తంలో సెరటోనిన్‌కీ ఎముకకీ సంబంధం రెండోవాళ్లకు కనపడలేదు.

లలిత
శ్రావణి గారి ప్రశ్న ఎక్కడ మొదలైంది, మీరు ఎక్కడ ఉన్నారు?

రాఘవ
లలిత గారు సరిగ్గా అన్నారు. మూర్తి గారికి ప్రయోగాలు కావాలి. నాకు మా అమ్మ కావాలి. రెండేళ్లు నడుం నొప్పి అంటే 'వయసమ్మా' అని ప్రతి డాక్టరూ పంపేశాడు. ఒక్కరూ స్కాన్ రాయలేదు. చివరికి ఎక్స్‌రేలో వెన్నుపూస కుంగిపోయి కనిపించింది. చేతిలో జన్యువు రిపోర్ట్ ఉండుంటే వాళ్లు వినేవాళ్లు. మీరు పరీక్ష వద్దంటుంటే నాకు ఆ డాక్టర్ల గొంతే వినిపిస్తోంది.

మూర్తి
నన్ను వాళ్లతో కలపకండి. మా అమ్మాయికి 27. సరదాగా చేయించుకున్న ఒక పరీక్షలో ఎముకల దగ్గర 'అధిక ప్రమాదం' అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. జిమ్ మానేసింది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. స్కాన్ తీయిస్తే మామూలుగా ఉంది. అయినా భయం పోలేదు. ఎముకకు బరువు పడితేనే గట్టిపడుతుంది. కాగితం చూసి బరువు దించేసింది నా కూతురు. రిపోర్ట్ అమ్మినవాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు.

పద్మజ
మీ ఇద్దరి మాటలూ చదువుతూ ఉన్నాను. మా అబ్బాయికి రాఘవ గారు మొదట చెప్పిన ఆ 2001 జబ్బే. పుట్టినప్పటి నుంచి చూపు సరిగా లేదు, నాలుగో ఏట తొడ ఎముక విరిగింది, తర్వాత చేయి. ఒకచోట మేమే కొట్టామేమోనని ప్రశ్నించారు. ఆ అవమానం నేను మరచిపోలేను. జన్యు పరీక్ష వచ్చాకే మమ్మల్ని మనుషుల్లా చూశారు. కళ్లు, ఎముకలు కలిపి దెబ్బతిన్న పిల్లలకు ఈ పరీక్ష వెంటనే కావాలి. నేను, మా ఆయన చెరో పాడైన కాపీ మోస్తున్నాం. మాలాంటి వాళ్లకు కూడా ఎముక కొంచెం తక్కువే ఉంటుందన్నారు, అందుకని మేమిద్దరం స్కాన్ తీయించుకున్నాం. ఇక్కడ 'అరుదైన కుటుంబాలు' అని పక్కకు నెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం మూర్తి గారూ.

మూర్తి
పద్మజ గారూ, మీ అబ్బాయికి ఆ పరీక్ష తప్పనిసరి. నేను వద్దంటున్నది ఏ లక్షణమూ లేనివాళ్లకు అమ్మే ప్యాకేజీలని. మీలాగే అరుదైన ఎముక జబ్బులున్న కుటుంబాల వల్లే మందు దారి తెలిసింది. ఈ రిసెప్టర్‌కు బ్రేకు వేసే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే మందును అమెరికాలో 2019లో అనుమతించారు. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం ఉండొచ్చన్న హెచ్చరికతోనే. ఆ మందు వాడటానికి జన్యు పరీక్ష అక్కర్లేదు.

శ్రావణి
అయితే ఇప్పుడు నేనేం చేయాలి?

మూర్తి
ముందు మీ అమ్మగారి సంగతి చూడండి. తుంటికి ఆపరేషన్ చేసి, ఎముకకు మందు మొదలుపెట్టకుండానే ఇంటికి పంపేయడం చాలాచోట్ల జరుగుతుంది. స్కాన్, విటమిన్ డి, థైరాయిడ్, పారాథైరాయిడ్ పరీక్షలు అడగండి. మీకు 40 దాటాక, ఎముక విరిగే అవకాశాన్ని అంచనా వేసే ఫ్రాక్స్ అనే లెక్క ఉంది. అందులో తల్లిదండ్రులకు తుంటి విరిగిందా అని అడుగుతారు, జన్యువుల గురించి అడగరు. మీ వంశం సంగతి ఆ ఒక్క ప్రశ్నలో వచ్చేస్తుంది.

శ్రావణి
అమ్మకు కాల్షియం బిళ్లలు తప్ప ఏమీ ఇవ్వలేదండీ. రేపే అడుగుతాను.

రాఘవ
వాళ్లు రాసివ్వకపోతే?

మూర్తి
ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రాఘవ
మేమూ అదే చేశాం. ఇంకో డాక్టర్ దొరికేలోపు అమ్మకు మరో వెన్నుపూస కుంగింది.