అప్‌డేట్: ‘చైనా’ హదీసు సంగతి తేలింది

“చైనా వెళ్లయినా సరే, విద్య నేర్చుకోండి” అన్న హదీసు (ప్రవక్త చెప్పినట్టు ఉల్లేఖించే మాట) నిజంగా ముహమ్మద్ ప్రవక్త (స) మాటేనా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, మదరసా వార్షికోత్సవం బ్యానర్ కోసం. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మల్లేపల్లిలో హదీసు బోధించే ఒక మౌలానా గారిని అడిగాను. ఆయన వాక్యం జోలికే పోలేదు, నేరుగా ఉల్లేఖకుల వరస (ఆ మాటను ఒకరి నుంచి ఒకరు విని చెప్పినవారి పేర్లు) పట్టుకున్నారు. హదీసు ఉల్లేఖకుల వివరాలుండే ఇబ్న్ హజర్ గ్రంథం ‘తహ్‌జీబ్’ తీసి, ఆ వరసలోని అబూ ఆతికా అన్న పేరు మీద వేలు పెట్టారు. అతను “మున్కరుల్ హదీస్” (అతని హదీసులు అంగీకరించదగినవి కావు) అని ప్రసిద్ధ హదీసు పండితుడు ఇమామ్ బుఖారీ తీర్పు. బుఖారీ నోట ఇది చాలా తీవ్రమైన మాటట. మరో హదీసు పండితుడు ఇబ్న్ హిబ్బాన్ ఈ హదీసుకు ఆధారమే లేదన్నారు. ఇంకో పండితుడు ఇబ్న్ అల్ జౌజీ దీన్ని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు.

“భావం మంచిదే కదా, ఉంటే ఏం?” అని అడిగిన అన్నకు: మంచిదే, కానీ ప్రవక్త (స) అనని మాట ఆయనకు అంటగట్టడం చిన్న విషయం కాదు. అలా కావాలని చేసినవాడి చోటు నరకమని బుఖారీ, ముస్లిం అనే రెండు ప్రామాణిక హదీసు గ్రంథాల్లోనూ ఉంది.

అందుకే బ్యానర్ మీద దాని బదులు ఇబ్న్ మాజా హదీసు సంకలనంలోని 224వ హదీసు వేయిస్తున్నాం: “విద్యార్జన ప్రతి ముస్లింపై విధి.” దాని సనదులోనూ (ఉల్లేఖకుల వరసలోనూ) బలహీనత ఉంది. అయితే వేర్వేరు ఉల్లేఖకుల ద్వారా అనేక మార్గాల్లో రావడంతో చాలామంది పండితులు ఆమోదించారు.