బెల్ స్టేట్ నుంచి వచ్చే పనిలో రెండో సగం ఎక్కడిది?

బెల్ స్టేట్‌లో (రెండూ పూర్తిగా ముడిపడిపోయిన ఉమ్మడి క్వాంటమ్ స్థితిలో) ఉన్న రెండు క్యూబిట్లు (రెండేసి స్థాయిలున్న క్వాంటమ్ వ్యవస్థలు), శక్తి స్థాయిలన్నీ సమానం, టీ (T) ఉష్ణోగ్రతలో బాత్ (వేడి ఇచ్చిపుచ్చుకునే పెద్ద నిల్వ) ఉంది అనుకుంటే మొత్తం 2 కేటీ ఎల్ఎన్ 2 (2kT ln 2, k అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం) పని (వాడుకోదగ్గ శక్తి) లాగొచ్చని లెక్క తేలుతోంది. విడివిడిగా అయితే సున్నా, రెండూ పూర్తి మిశ్రమ స్థితులే (ఏ ఫలితానికైనా సమాన అవకాశమే) కాబట్టి. అది సరే. ఒకదాన్ని కొలిచి ఫలితాన్ని అవతలికి పంపితే, భౌతిక శాస్త్రవేత్త లాండౌవర్ చెప్పిన మెమరీ చెరిపే ఖర్చు పోను మిగిలేది కేటీ ఎల్ఎన్ 2 మాత్రమే, క్లాసికల్ సంబంధం ఉన్నా అంతే వచ్చేది కదా. నా డౌటల్లా మిగతా సగం మీదే: దానికి సీనాట్ (CNOT, ఒక క్యూబిట్ స్థితిని బట్టి రెండోదాన్ని తిప్పేది) లాంటి ఉమ్మడి గేట్ వేయాలి, మరి ఆ గేట్‌ని ఆన్, ఆఫ్ చేయడానికయ్యే పని ఏ ఖాతాలో రాయాలి? నేను చదివినవాటిలో దాన్ని ఉచితమన్నట్టు వదిలేశారు, నాకైతే మింగుడు పడట్లేదు. ఎవరైనా ఒక చిన్న హామిల్టోనియన్ (వ్యవస్థ శక్తిని చెప్పే సూత్రం) తీసుకుని చూపిస్తారా?