ఏప్రిల్ 1కి హాస్పిటల్ బిల్లింగ్ లైవ్ చేయాలి, చేతిలో ఏడు వారాలే. ఎలా గట్టెక్కాలి?

ప్రశ్న: గుంటూరు లీడ్

నమస్తే అండీ. గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. లీడ్ అయ్యి ఎనిమిది నెలలే. 80 పడకల ప్రైవేటు హాస్పిటల్‌కి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఓపీ (చూపించుకుని వెళ్లేవాళ్లు), ఐపీ (పడక మీద చేరినవాళ్లు), ఫార్మసీ, ల్యాబ్, ఎన్టీఆర్ వైద్యసేవ క్లెయిములు, డాక్టర్లకు మొబైల్ యాప్, అన్నీ ఏప్రిల్ 1 కల్లా కావాలంటున్నారు. ఆ రోజు నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబర్ల సిరీస్ కొత్తగా మొదలుపెట్టాలి. అందుకే తేదీ జరపడం కుదరదని వాళ్ల అకౌంటెంట్ గారు గట్టిగా చెప్పేశారు.

మేం ఐదుగురం: ఇద్దరు డెవలపర్లు, ఒక ఫ్రెషర్ అమ్మాయి, ఒక టెస్టర్, నేను. ఎంత పిసినారితనంగా లెక్క వేసినా పదకొండు వారాల పని తేలుతోంది. మా మేనేజర్ గారేమో వేరే ప్రాజెక్టు నుంచి నలుగురిని ఇస్తాను, శని ఆదివారాలు కూడా రండి, అయిపోతుంది అంటున్నారు. పోయిన వారం ఆ ఫ్రెషర్ అమ్మాయి రెండు రాత్రులు పన్నెండింటి దాకా కూర్చుంది. మూడో రోజు జ్వరంతో రాలేదు. వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేసి "బాబూ, కాస్త చూసుకోండి" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌తో నాకూ నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: మాదాపూర్ ప్రాజెక్ట్ మేనేజర్

పదకొండు వారాల లెక్కను కాగితం మీద పెట్టి ఈ వారమే క్లయింట్‌కి చూపించండి. మార్చి 25న చెబితే మోసం అంటారు, ఇప్పుడు చెబితే మాట్లాడుకుందాం అంటారు. ముందు మీ మేనేజర్ గారితో చెప్పించండి, మీరు ఒక్కరే వెళ్లొద్దు. ఇంకో నెల గడువు అడిగి చూడండి.

గుంటూరు లీడ్

గడువు అడిగామండీ. మధ్యలో సిరీస్ మారిస్తే ఆడిట్‌లో ఇబ్బంది, ఏప్రిల్ 1 దాటితే వచ్చే ఏడాదే అన్నారు.

జవాబు: బెజవాడ అక్క

తమ్ముడూ, నేను బెజవాడలో మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. కదలని తేదీ అంటే ఏమిటో పోయిన సెప్టెంబర్‌లో బాగా తెలిసొచ్చింది. 2025 సెప్టెంబర్ 3 రాత్రి జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది, 22 నుంచి అమలు. మధ్యలో ఉన్నవి 18 రోజులు. మందుల్లో చాలావాటికి 12 శాతం పోయి 5 అయింది, కొన్ని ప్రాణాధార మందులకు పన్నే తీసేశారు. మా సాఫ్ట్‌వేర్ వాడే షాపులు నాలుగు వందల పైచిలుకు. పైగా 22 అంటే దసరా నవరాత్రుల మొదటి రోజు. దుర్గమ్మ కొండ చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు, ఏ షాపుకైనా మనిషిని పంపాలన్నా గంటలు పడుతుంది.

4వ తేదీ పొద్దున మా ఓనర్ గారు చేయాల్సిన పనులు ఇరవై మూడు రాయించారు. ఆ కాగితం పట్టుకుని గవర్నరుపేటలో మా పాత కస్టమర్ షాపుకి వెళ్లి, కౌంటర్ పక్కన స్టూల్ వేసుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఆయన 112 రూపాయల ఎమ్మార్పీ ఉన్న పది మాత్రల స్ట్రిప్ తీసి, కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చారు. పాత లెక్కన మాత్ర 11 రూపాయల 20 పైసలు. పన్ను 5 అయితే అదే స్ట్రిప్ 105, మాత్ర పదిన్నర. స్ట్రిప్ మీద అచ్చు మాత్రం 112 అనే ఉంటుంది. ఇంతలో ఒక పెద్దాయన వారం కిందట కొన్న మందు వాపసు తెచ్చారు. అది చూశాక నా గుండె జారింది. 15న కొన్నది 25న తిరిగిస్తే ఆ బిల్లు మీదున్న 12 శాతం లెక్కనే డబ్బు ఇవ్వాలి కదా! మా డేటాబేసులో ఒక్కో మందుకి పన్ను రేటు గడి ఒక్కటే. పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీసినా, వాపసు తీసుకున్నా రేటు అక్కడి నుంచే వచ్చేది. అక్కడ 12 కొట్టేసి 5 వేస్తే పాత లెక్కలన్నీ చెడిపోతాయి. ఇరవై మూడు పనుల కాగితంలో ఇది లేనే లేదు.

తిరిగొచ్చి ఆ ఇరవై మూడింటిలో మూడే ఉంచాం, వాపసు సంగతి నాలుగోదిగా చేర్చాం. ఏ తేదీ నుంచి ఏ రేటు అన్నది దాచుకునే పట్టిక, స్ట్రిప్‌కి కొత్త ధర, వాపసు, జీఎస్టీ రిటర్న్ వేయడానికి రిపోర్టు. మిగతావి దీపావళి తర్వాత అని రాసి ఓనర్ గారితో సంతకం పెట్టించుకున్నాను. ఆ పట్టికకే ఆరు రోజులు పట్టింది. అక్కడ అడ్డదారి తొక్కలేదు. ఏ మందుకి ఎంత అనే అసలు నోటిఫికేషన్ 17వ తేదీన గానీ రాలేదు. రేట్లు కోడ్‌లోనే రాసుకుని ఉంటే మునిగిపోయేవాళ్లం. పట్టిక విడిగా ఉంది కాబట్టి చివరి ఐదు రోజుల్లో దాన్ని నింపి పంపడమే మిగిలింది.

12న పదిహేను షాపులకు మాత్రం ముందుగా ఇచ్చాం. రెండో రోజే ఒక షాపులో బిల్లు ఆగిపోయింది, రేటు దొరకలేదని. మా కుర్రాడు వెళ్లి చూస్తే ఆ కంప్యూటర్‌లో తేదీ 2010 జనవరి అని ఉంది. మదర్‌బోర్డు మీద నాణెం సైజులో ఉండే బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. జీఎస్టీ మొదలైందే 2017 జూలై 1న, ఇక 2010కి రేటు ఎక్కడి నుంచి వస్తుంది? వెంటనే ఒక చిన్న కట్టడి పెట్టాం: సిస్టమ్ తేదీ చివరి బిల్లు తేదీ కంటే వెనక ఉంటే బిల్లు కొట్టనివ్వదు, తేదీ సరిచేయమంటుంది. ఆ పదిహేను షాపుల్లో చూడకపోయి ఉంటే, తేదీ నాలుగు రోజులో వారమో వెనకబడిన షాపులు 22 తర్వాత కూడా 12 శాతం వసూలు చేస్తుండేవి, ఎవరికీ తెలిసేది కాదు.

21 ఆదివారం, మహాలయ అమావాస్య. ఆ రాత్రి ఆఫీసులో ఇద్దరమే ఉన్నాం. పన్నెండు దాటగానే రేటు దానంతట అదే మారింది. సోమవారం ముప్పై ఒక్క ఫోన్లు వచ్చాయి. విడి మాత్రల పైసలు రౌండ్ చేయడంలో ఒక తప్పు బయటపడింది, సాయంత్రానికి సరిచేశాం.

ఇక నీ సంగతి. వాళ్లు అడిగిన పనుల జాబితా పక్కన పెట్టి, హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చో. ఏప్రిల్ 1 పొద్దున ఎనిమిదింటికి మొదటి పేషెంట్ వస్తాడు. అతనికి ఏం కావాలి? ఓపీ చీటీ, ఐపీ అడ్వాన్స్ రసీదు, మందుల బిల్లు, డిశ్చార్జి బిల్లు. ల్యాబ్ వాళ్లు ఇప్పుడు ఎలా ఇస్తున్నారో ఇంకో నెల అలాగే ఇస్తారు. క్లెయిములు ఇప్పుడెలా వేస్తున్నారో అలాగే. డాక్టర్ల యాప్‌కి ఏప్రిల్ 1తో సంబంధమే లేదు.

మార్చి 31 రాత్రి పడకల మీద ఉన్నవాళ్ల గురించి మాత్రం ఇప్పుడే ఆలోచించు. 30న చేరి, పాత సాఫ్ట్‌వేర్‌లో ఇరవై వేలు అడ్వాన్స్ కట్టి, ఏప్రిల్ 2న డిశ్చార్జి అయ్యే మనిషికి బిల్లు కొత్త సిరీస్‌లో రావాలి, ఆ ఇరవై వేలు అందులో తగ్గాలి. దీనికి డేటా మార్పిడి ప్రోగ్రాం రాయాలంటే వారం. అదే యాభై అరవై మంది అడ్వాన్సులు ఆ రాత్రి ఇద్దరు కూర్చుని చేత్తో ఎక్కిస్తే, సరిచూడటంతో కలిపి మూడు గంటలు. అడ్వాన్స్ ఓపెనింగ్ బ్యాలెన్స్ ఎక్కించే స్క్రీన్ ఒక్కటి చేసుకో, చాలు.

మనుషుల విషయం. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలో కొత్తవాళ్లను దింపితే ఇంకా ఆలస్యమవుతుందని. ఐదుగురి మధ్య ఎవరితో ఎవరు మాట్లాడుకోవాలన్నా పది జతలు. తొమ్మిదిమంది అయితే ముప్పై ఆరు. అందరికీ పని చెప్పేది నువ్వే, నీ రోజు అందులోనే అయిపోతుంది. నలుగురు వద్దు, ఇద్దరిని అడుగు. ఫార్మసీ పని తెలిసిన ఒకరు, మీ టీమ్‌కి వచ్చే పాత క్లయింట్ల ఫోన్లు చూసుకునే ఒకరు. ఆ రెండో మనిషి వల్ల మీ డెవలపర్లకు రోజుకి రెండు గంటలు మిగులుతాయి.

ఆ అమ్మాయిని రాత్రిళ్లు కూర్చోబెట్టకు. 2019లో నేను వరుసగా మూడు రాత్రులు కూర్చుని రాసిన కోడ్ వల్ల ఒక షాపు స్టాకు మొత్తం రెండింతలు చూపించింది. ఆయన అది నమ్మి ఆర్డర్లు పెట్టలేదు, పండగ సీజన్లో షుగర్ మందులు అయిపోయాయి. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

జవాబు: వైజాగ్ టెస్టర్

అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మార్చి 19 ఉగాది. ఆ రోజుకి కొత్త ఫీచర్లు ఆపేయండి. తర్వాతి పన్నెండు రోజుల్లో తప్పులు సరిచేయడం తప్ప ఏమీ ముట్టుకోవద్దు. ఆ రోజుల్లో పాత సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన బిల్లులు రోజుకి ఇరవై తెచ్చుకుని మీ దాంట్లో మళ్లీ కొట్టి చూడండి, పైసతో సహా కలవాలి. డిస్కౌంట్ ఇచ్చినవి, రద్దు చేసినవి, మధ్యలో గది మారినవి తప్పకుండా ఉండాలి. మీ టెస్టర్‌ని ఇవాళ్టి నుంచే ఆ బిల్లులు ఏరమనండి.

గుంటూరు లీడ్

అక్కా, అన్నా, ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న కౌంటర్ దగ్గర మూడు గంటలు కూర్చున్నాను. అక్కడి క్యాషియర్ మేడమ్ గారు నలభై పేజీల లాంగ్ నోట్‌బుక్ చూపించారు. అడ్వాన్సులన్నీ ముందు అందులో పెన్నుతో రాసుకుని తర్వాతే సిస్టమ్‌లో ఎక్కిస్తున్నారు, ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్‌లో ఒకే పేషెంట్ రెండో అడ్వాన్స్ కడితే మొదటిది కనిపించదట. మాకిచ్చిన పనుల జాబితాలో ఎక్కడా ఆ సంగతి లేదు.

ఇవాళ మేనేజర్ గారితో కూర్చున్నాం. ల్యాబ్, క్లెయిములు, యాప్ మే నెలకి జరిపాం. మిగిలింది ఆరు వారాల పని. ఇద్దరినే ఇస్తామన్నారు. హాస్పిటల్ వాళ్ల సంతకం సోమవారం. ల్యాబ్ డాక్టర్ గారు ఒప్పుకుంటారో లేదో అని బెంగగా ఉంది.

బెజవాడ అక్క

ఆ నోట్‌బుక్ సోమవారం మీటింగ్‌కి తెమ్మని క్యాషియర్ మేడమ్‌ని అడుగు. ల్యాబ్ డాక్టర్ గారి ముందు ఆమెనే మాట్లాడనివ్వు.