దద్దుర్ల తేదీ తెలియని తట్టు కేసుల్లో రోగితో మెలిగినవారిని ఎలా గుర్తించాలి?

స్థానిక ఆరోగ్య విభాగంలో తట్టు కేసుల జాబితా నిర్వహించడం నా పని. దద్దుర్లకు 4 రోజుల ముందు నుంచి 4 రోజుల తర్వాత వరకు వ్యాధి ఇతరులకు సోకుతుంది కాబట్టి, ఆ వ్యవధిలో రోగితో మెలిగినవారిని గుర్తించి, టీకాకు అర్హులైనవారికి అలా మెలిగిన 72 గంటల్లోపు టీకా వేసి, అందరినీ 21 రోజులు గమనించాలంటే దద్దుర్ల తేదీయే ఆధారం. మా 11 కేసుల్లో మూడింటికి ల్యాబ్ నివేదిక తేదీ తప్ప మరొకటి నమోదు కాలేదు. కుటుంబాలకు రెండుసార్లు ఫోన్ చేసి, ఆసుపత్రి చీటీలన్నీ పరిశీలించినా, జ్వరం మొదలైన రోజు మాత్రమే తెలిసింది. నివేదిక దద్దుర్ల తర్వాతే వస్తుంది కాబట్టి, ఆ తేదీని వాడితే వ్యవధి అసలు కంటే ఆలస్యంగా మొదలై, టీకా వయసు రాని పసిపిల్లలు జాబితాలో తప్పిపోతారని నా ఆందోళన. ఇలాంటి కేసుల్లో జ్వరం తేదీ నుంచి దద్దుర్ల తేదీని అంచనా వేసేటప్పుడు, అంటించే వ్యవధిని ఇరువైపులా ఎన్ని రోజులు పెంచుతారు?